తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే బండిలో మళ్లీ కలిపేస్తున్నారు. ఇంకెందుకు ఈ తంటా?

సుధ_మల్కాజిగిరి | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మల్కాజిగిరిలో 42 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పోయిన దసరా నుంచి సెక్రటరీ పదవి నా నెత్తిన పడింది. మీటింగుకు రాని మావారి పేరు ఎవరో ప్రతిపాదిస్తే, ఆయన ఫోన్లోనే నా పేరు చెప్పి తప్పించుకున్నారు. అది వేరే కథ.

వచ్చీ రాగానే తడి చెత్త, పొడి చెత్త పని పెట్టుకున్నాను. ఇంటింటికీ తిరిగాను. లిఫ్టులో కాగితం అంటించాను, ఎవరో చింపేశారు, మళ్లీ అంటించాను. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు 42 ఇళ్లలో 35 ఇళ్లు సరిగ్గా వేరు చేస్తున్నాయి.

ఇవాళ పొద్దున గేటు దగ్గర నిలబడి చూశాను. చెత్త బండి వచ్చింది. ఆకుపచ్చ డ్రమ్ము ఎత్తి బండిలో పోశాడు. ఆ వెంటనే నీలం డ్రమ్ము తెచ్చి సరిగ్గా దాని మీదే గుమ్మరించాడు. అన్నం, టీపొడి, అట్టపెట్టెలు, పాల ప్యాకెట్లు, అన్నీ ఒకే రాశి. మూడో అంతస్తు అంకుల్ వాకింగ్ నుంచి వస్తూ చూశారు. "ఏమ్మా, దీనికేనా మమ్మల్ని మూడు నెలలు సతాయించావు?" అన్నారు. నోట మాట రాలేదు.

ఇది మా వైపేనా, ఊరంతా ఇంతేనా? ఆ బండి నుంచి చెత్త ఎక్కడికి పోతుంది? ఎలాగూ కలిసిపోయేదానికి వేరు చేయడం వల్ల ఒరిగేదేమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. రేపు అంకుల్‌కి జవాబు చెప్పుకోవాలి.

---

లష్కర్_పోరడు | ఫిబ్రవరి 9, రాత్రి 10:05

అక్కా, మీరు ఇంక వేరు చేస్తున్నరా! దండం.

2015ల బల్దియా (మున్సిపాలిటీ) ఇంటికి రెండు బుట్టలు ఇచ్చింది యాది ఉన్నదా? ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి. మా ఇంట్ల ఆకుపచ్చ దాంట్ల మా అమ్మ బియ్యం పోసింది. నీలం దాంట్ల నల్లా నీళ్లు పట్టింది. పదేండ్లయినా పగల్లేదు, మంచి క్వాలిటీ. చెత్త మాత్రం కిరాణా కవర్లనే పోతది.

---

పాత_ఇంజినీరు | ఫిబ్రవరి 10, ఉదయం 6:20

సుధ గారూ, నేను వేరే జిల్లాలో మున్సిపాలిటీ పనులు చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు కాప్రాలో ఉంటున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ఆ బుట్టల్ని ఎగతాళి చేయడం సులువే. కానీ 22 లక్షల ఇళ్లకు 44 లక్షల బుట్టలు పంచడం చిన్న పని కాదు. అంతకుముందు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. ప్రతి వీధి మలుపులో ఒక ఇనప కుండీ, దాని చుట్టూ కుండీలో ఉన్నదానికి రెండింతలు చెత్త, దాని మీద ఆవులు, పందులు, కుక్కలు. స్వచ్ఛ ఆటోలు ఇంటి ముందుకు వచ్చాకే ఆ కుండీలు పోయాయి. మొదటి కొన్నేళ్లలోనే దాదాపు 2,500 బండ్లు దించారు.

ఇక చెత్త దారి. ఆటో మీ ఇంటి నుంచి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు పోతుంది. అక్కడ చెత్తను నొక్కి పెద్ద లారీలకు ఎక్కిస్తారు. అవి ఎక్కువగా జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరతాయి. నగరంలో రోజుకు 7 వేల టన్నుల పైచిలుకు చెత్త పుడుతోంది. ఒకప్పుడు అదంతా గుట్టగా పోసి వదిలేసేవారు. ఇప్పుడు అక్కడ చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉంది. 2020 నవంబరులో 19.8 మెగావాట్లతో మొదలైంది, తర్వాత 24కి పెంచారు. దుండిగల్ దగ్గర ఇంకొకటి వచ్చింది. కాబట్టి కలిసిన చెత్తకు కూడా ఒక దారి ఉంది. ఏమీ జరగడం లేదనుకోవడం పొరపాటు.

---

దమ్మాయిగూడ_నివాసి | ఫిబ్రవరి 10, ఉదయం 8:15

మెగావాట్లు బాగానే ఉన్నయ్ సార్. వాసనను ఏ లెక్కల కొలుస్తరు?

మా దమ్మాయిగూడ ఆ యార్డు పక్కనే. మాకు సాయంత్రం ఆరు దాటితే గాలి మర్లుతది. కిటికీలు మూస్తం. ఎండాకాలంల కూడా మూస్తం. బట్టలు మేడ మీద ఆరేస్తే మళ్ల పిండుకునుడే. మా చెల్లె పెళ్లిచూపులకు వచ్చినోళ్లు చాయ్ కప్పు ముట్టకుండ, "ఇక్కడ ఎప్పుడూ ఇట్లనే ఉంటదా" అని అడిగిన్రు. మా నాయిన, "ఇయ్యాల కొంచెం ఎక్కువున్నది" అన్నడు. అబద్ధం. ఆ దినం తక్కువనే ఉండె.

వాన పడితే గుట్ట కింది నుంచి నల్లటి నీళ్లు కారుతయి. మల్కారం చెరువు ఆ నీళ్లతోనే ఖరాబైంది. చుట్టుపక్కల బోర్లు ఎవ్వరూ తాగరు. మీ 42 ఇండ్లల్ల అన్నం, పప్పు, చెక్కు అంతా ఏడికి పోతదని అడిగిన్రు కదా అక్కా. మా ముక్కులకు వస్తది.

---

పాత_ఇంజినీరు | ఫిబ్రవరి 10, ఉదయం 9:02

తమ్ముడూ, మీ బాధ కాదనను. అసలు సుధ గారి ప్రశ్నకు జవాబు మీ మాటలోనే ఉంది.

ఆ నల్ల నీళ్లు బయట నుంచి వచ్చినవి కావు. మన వంటింటి చెత్తలో మూడొంతులు దాకా నీళ్లే. టమాటా, సొరకాయ తొక్క, మిగిలిన చారు. అది గుట్టలో కుళ్లి, పైన వాననీరు కలిసి, బ్యాటరీల నుంచీ రంగుల డబ్బాల నుంచీ రసాయనాలు కడుక్కుంటూ కిందికి దిగుతుంది. దాన్నే లీచేట్ అంటారు. పాత గుట్ట మీద పొరలు పరిచి, మట్టి కప్పి, గడ్డి పెంచారు. దాన్ని క్యాపింగ్ అంటారు. దానివల్ల పైనుంచి వాన లోపలికి దిగడం తగ్గుతుంది. లోపల ముందే ఉన్న తడి మాత్రం లోపలే ఉంటుంది కదా.

కరెంటు ప్లాంటుకు కూడా ఇదే తంటా. తడి కట్టెలతో పొయ్యి వెలిగించినవాళ్లకు చెప్పక్కర్లేదు. సగం మంట నీళ్లు ఆవిరి చేయడానికే సరిపోతుంది. అందుకే కాల్చేముందు చెత్తను ఆరబెట్టి, జల్లించి, మండే సరుకు వేరు చేసుకుంటారు. ఇంట్లో ఒక చేత్తో అయ్యే పనికి అక్కడ పెద్ద పెద్ద యంత్రాలు కావాలి.

---

సుధ_మల్కాజిగిరి | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

దమ్మాయిగూడ తమ్ముడూ, పెళ్లిచూపుల సంగతి చదివి అన్నం సయించలేదు. మా తొక్కలు మీ ఇంటికి వస్తున్నాయని ఎప్పుడూ ఆలోచించలేదు.

మరి వేరు చేసి ఇస్తే కలపడం ఎందుకు? అదే అర్థం కావడం లేదు. ఆ బండి అబ్బాయికి ఏం లాభం?

---

బండి_కొడుకు | ఫిబ్రవరి 10, రాత్రి 11:48

నేను ఇక్కడ చదువుడే తప్ప ఎప్పుడు రాయలే. మా నాయిన 2016 నుంచి స్వచ్ఛ ఆటో నడుపుతుండు. ఏ ఏరియానో చెప్ప. అమ్మ ఎనుక నిలబడి ఏరుతది. డిగ్రీ సెలవులల్ల నేను కూడ పోయేటోణ్ణి. అక్క అడిగిన దానికి జవాబు నాకు ఎరుక.

పొడి చెత్తకు రేటున్నది. పాల ప్యాకెట్లు, వాటర్ బాటిళ్లు, అట్టలు, బీరు సీసాలు, ఇనుము, దేనికదే రేటు. అమ్మ బండి పక్కన నాలుగు గోనె సంచులు కట్టి పెడుతది. బండి నడుస్తుండగనే ఏరి సంచులల్ల ఏస్తది. సాయంత్రం కబాడీ దుకాణంల కాటా పెట్టి అమ్ముతరు. మాకు ఇల్లు గడిచేది ఎక్కువ గిదే. ఇంటికింత అని నెలకు ఇచ్చే పైసలు సగం ఇండ్లు ఇయ్యవు. ఇంకొందరు "వచ్చే నెల రెండు నెలలది కలిపి ఇస్తం" అంటరు.

తడి చెత్తకు ఎవ్వరూ రూపాయి ఇయ్యరు. అది ఏరు ఉన్నా, కలిసి ఉన్నా మా నాయినకు ఒక్కటే. ఇంకో ముచ్చట. మొదట్ల బండి నడుమ ఒక అడ్డు పలక ఉండె. ఒక దిక్కు తడి, ఒక దిక్కు పొడి. అయితే ఏమైతదంటే, తడి దిక్కు తొందరగ నిండుతది. పొడి దిక్కు సగం ఖాళీ ఉంటది. ఇంక వంద ఇండ్లు మిగిలి ఉంటయి. సగం ఖాళీ బండితోని ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు పోవాలె, అక్కడ లైన్ల గంట నిలబడాలె, మళ్ల వాపస్ రావాలె. డీజిల్ పైసలు మా జేబులకెల్లి. రెండు నెలలు చూసి ఒకరోజు పలక పీకిండు. తిట్టుకుంటనే పీకిండు. పోనీ రెండు దిక్కులు వేరువేరుగ కష్టపడి తీస్కపోయినా, అక్కడ దించేటప్పుడు ఒక్కదాంట్లనే దించుమంటే ఏం జేస్తడు?

ఇంకొక్క మాట చెప్పి బంద్ చేస్త. పగిలిన గాజు, బ్లేడు, సూది, ప్యాడ్లు, డైపర్లు ఉత్తగ ఏయకుండ్రి. పేపర్ల చుట్టి మీద ఎర్ర పెన్నుతోని గీత కొట్టుండ్రి. అమ్మ కుడి చెయ్యి బొటనవేలు మీద ఆరు కుట్లు పడ్డయి. అప్పటిసంది చాయ్ గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకుంటది.

---

లష్కర్_పోరడు | ఫిబ్రవరి 11, ఉదయం 7:10

తమ్మీ, మన్నించు. పైన నేను పరాష్కాలు ఆడిన. మా ఇంట్ల ఇయ్యాలటి సంది గీత కొట్టుడు షురూ.

---

అల్వాల్_అనూష | ఫిబ్రవరి 11, ఉదయం 10:25

బండి తమ్ముడి మాట చదివాక చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ చెప్తాను. ఈ చర్చలో "మనం వేరు చేయాలి" అంటున్న ఆ "మనం" ఎవరు? మా ఇంట్లో నేను. నేను లేకపోతే పనమ్మాయి. మా మామగారు స్వచ్ఛత గురించి గంట మాట్లాడతారు, అరటి తొక్క తీసుకెళ్లి నీలం బుట్టలో వేస్తారు. ఏళ్ల తరబడి "ప్రజల్లో అవగాహన" అంటున్నారు. ఆ అవగాహన ఎప్పుడూ వంటింటి దగ్గరే ఆగిపోతోంది.

ఇంకొకటి. మురుగునీటికి 2021లో 31 కొత్త శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్లు మంజూరు చేశారు. మంచిదే, మూసీకి అది కావాల్సిందే. పెద్ద ప్లాంటంటే కోట్లు దొరుకుతాయి, రిబ్బన్ కత్తిరిస్తారు. బండిలో ఒక అడ్డు పలక నిలబడాలంటే ఆ అన్నకు రెండో ట్రిప్పు డీజిల్ ఇవ్వాలి. దానికి శిలాఫలకం వేయరు కదా, అందుకే ఎవరికీ పట్టదు.

---

మొక్కల_మామయ్య | ఫిబ్రవరి 11, సాయంత్రం 5:30

శిలాఫలకాల మాట వచ్చింది కాబట్టి. హరితహారం 2015లో మొదలైంది. రాష్ట్రమంతా 230 కోట్ల మొక్కలన్నారు. నేను మొదట్లో నమ్మలేదు. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా పచ్చదనం చూసి నోరు మూసుకున్నాను. 2022లో కొరియాలోని జెజూలో హైదరాబాద్‌కు వరల్డ్ గ్రీన్ సిటీ అవార్డు వచ్చింది ఆ పచ్చదనానికే. వచ్చినదాన్ని రాలేదనకూడదు.

కానీ డివైడర్ల మీద, పార్కుల్లో ఆ కోనోకార్పస్ చెట్లు ఎవరు పెట్టమన్నారండీ? ఆరు నెలల్లో గోడలా పెరుగుతుంది, నీళ్లు పెద్దగా అడగదు, మేకలు ముట్టవు, ఫొటోకు బాగుంటుంది. అంతే. పిట్ట గూడు కట్టదంటారు. పుప్పొడి పడక దగ్గులు వస్తాయంటారు. చివరికి నర్సరీల్లో పెంచొద్దని ప్రభుత్వమే చెప్పింది. వేప, కానుగ, రావి పెట్టుంటే పదేళ్లకు నీడ ఇచ్చేవి...

---

లష్కర్_పోరడు | ఫిబ్రవరి 11, సాయంత్రం 5:52

మామా, గణేష్ నిమజ్జనం, దానికి కట్టే చిన్న కొలనులు కూడ ఏసుకో ఇంక. హుస్సేన్‌సాగర్ల బుద్ధుడి దాకా పోదాం.

---

నిర్వాహకుడు | ఫిబ్రవరి 11, సాయంత్రం 6:15

చెట్ల చర్చకు వేరే థ్రెడ్ ఉంది, కోనోకార్పస్ మీద అక్కడ ఇప్పటికే 60 పోస్టులున్నాయి. ఇక్కడ చెత్త గురించే మాట్లాడుకుందాం.

---

మేడమీద_తోట | ఫిబ్రవరి 11, రాత్రి 8:40

నిర్వాహకులు కోప్పడినా చెట్లతోనే మొదలుపెడతాను, ఎందుకంటే సుధకు కావాల్సింది చెట్ల కిందే ఉంది.

ఫిబ్రవరి, మార్చి. హైదరాబాద్‌లో ఆకు రాలే కాలం. నిద్రగన్నేరు, రావి, కానుగ. పొద్దున్నే రోడ్లు ఊడ్చేవాళ్లు ఆ ఆకుల్ని కుప్ప చేసి, మోయలేక అక్కడే అగ్గిపుల్ల గీస్తారు. ఆ కుప్పలు నాకు బంగారం. తడి చెత్త కుళ్లి కంపు కొట్టేది ఎందుకంటే దానికి తోడు ఎండుది లేక. పొయ్యిలో కట్టె, గాలి రెండూ ఉండాలన్నట్టే ఇది కూడా.

నేను తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. సఫిల్‌గూడలో మా మేడ మీద మూడు డ్రమ్ములు. 200 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్ముకు చుట్టూ వేలు దూరేన్ని కంతలు పెట్టించు. అడుగున కొబ్బరి పీచు ఒక జానెడు. దాని మీద రోజూ ఒక గిన్నె వంటింటి చెత్త వేస్తే, రెండు గిన్నెల ఎండుటాకులు వెయ్యి. ఆకులు చేత్తో నలిపి వెయ్యి, తొందరగా కలిసిపోతాయి. వారానికోసారి పుల్లమజ్జిగ ఒక గ్లాసు నీళ్లలో కలిపి చిలకరించు. మూడు రోజులకోసారి కర్రతో పైకీ కిందికీ తిప్పు. పిడికెడు తీసి పిండితే వేళ్ల మధ్య తడి తెలియాలి, నీళ్లు కారకూడదు. కారితే ఆకులు చాల్లేదని. ముక్కు చురుక్కుమంటే కూడా అంతే, ఆకులు వెయ్యి.

మూడో వారానికి తెల్లటి లావు పురుగులు వస్తాయి. చూసి కేకలు వేస్తారు. వేయనీ. అవి ఈగ పిల్లలే, కానీ ఇళ్లలో వాలే ఈగలవి కావు, అన్నం కూరా అన్నీ కరకర తినేసి పోతాయి. నిమ్మచెక్కలు ఎక్కువ వేయకు. ఎముకలు, చేపముళ్లు మొదట్లో వద్దు. పిల్లులు వస్తాయి.

45 రోజుల నుంచి రెండు నెలలు. కింద నుంచి తీస్తే వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. మా ఆయన మొదట్లో, "మేడ మీద డంపింగ్ యార్డు పెట్టావు" అన్నారు. ఇప్పుడు ఆయనే వీధిలో ఆకుల సంచి మోసుకొస్తారు. బంధువులకు కనపడకుండా.

---

పాత_ఇంజినీరు | ఫిబ్రవరి 12, ఉదయం 6:05

మేడమీద అమ్మ చెప్పింది పెద్ద ఎత్తున ఎలా పనిచేస్తుందో చూడాలంటే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు పోండి. రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల చెత్త. ఒకప్పుడు అది కూడా యార్డుకే పోయేది. తార్నాకలోని ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ) పరిజ్ఞానంతో అక్కడే బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. ఆ చెత్తతో రోజుకు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ అన్నది లెక్క. ఆ కరెంటుతో మార్కెట్ దీపాలు వెలుగుతాయి, గ్యాసుతో క్యాంటీన్‌లో వంట. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా దాని ప్రస్తావన వచ్చింది.

అది ఎందుకు నడుస్తుందో గమనించండి. ఆ మార్కెట్ చెత్తలో పాల ప్యాకెట్టు లేదు, డైపర్ లేదు. క్యాబేజీ ఆకు, కుళ్లిన టమాటా, అంతే. పుట్టిన చోటే శుభ్రంగా ఉంది, పుట్టిన చోటే వాడుకున్నారు. ప్రయాణం లేదు, కలిసే అవకాశమూ లేదు. మలబా, అంటే శిథిలాల సంగతి కూడా ఇంతే. ఇళ్లు పడగొట్టిన మలబాను జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లలో పిండి చేసి ఇసుక, ఫుట్‌పాత్ ఇటుకలు చేస్తున్నారు, రోజుకు 500 టన్నుల చొప్పున సామర్థ్యం. కానీ అందులో థర్మకోలు, చిరిగిన బట్టలు కలిస్తే ఆ యంత్రమూ ఏం చేయలేదు.

నేను మొన్న "కలిసిన చెత్తకు కూడా దారి ఉంది" అని రాశాను. బండి అబ్బాయి మాట చదివాక ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. దారి ఉంది, కానీ ఖరీదైన దారి. చివర్లో కోట్లు పెట్టి చేసే పనిని మొదట్లో డీజిల్ ఖర్చుతో చేయొచ్చు.

ఇంకో విషయం సుధ గారూ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో రోజుకు 100 కిలోల చెత్త దాటితే పెద్ద ఉత్పత్తిదారు కింద లెక్కగట్టేవారు. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే చూసుకోవాలని వాటిలో ఉండేది. మీ 42 ఫ్లాట్లు దాని కిందికి రాకపోవచ్చు. చట్టం అడగకపోయినా చేయకూడదని లేదు.

---

అల్వాల్_అనూష | ఫిబ్రవరి 12, ఉదయం 9:40

సార్, చెప్పినదాన్ని వెనక్కి తీసుకున్న మగవాణ్ణి ఈ వేదికలో మొదటిసారి చూస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

---

దమ్మాయిగూడ_నివాసి | ఫిబ్రవరి 12, రాత్రి 9:15

అందరూ మంచిగ చెప్తున్నరు. ఒకటే అడుగుత. మీరంత డ్రమ్ములు పెట్టుకున్నంక ఆ ప్లాంటుకు చెత్త తక్కువ పడుతది కదా. అప్పుడు వేరే ఊర్ల చెత్త తెస్తరా? గుట్ట మా ఊర్లనే ఉంటది కదా. నగరానికి నాలుగు దిక్కుల పంచుతమని ఎప్పటిసందో చెప్తున్నరు. ఏ దిక్కు పోయినా ఆ దిక్కోళ్లు వద్దంటరు. నేనైనా వద్దనే అంట. మాకు ఒక్కళ్లకే ఎందుకు?

---

పాత_ఇంజినీరు | ఫిబ్రవరి 12, రాత్రి 9:50

దీనికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ.

---

సుధ_మల్కాజిగిరి | మార్చి 16, మధ్యాహ్నం 2:20

నెల దాటింది, సంగతులు చెప్తాను.

బండి తమ్ముడు రాసింది ప్రింటు తీసి (ఏ వివరమూ లేకుండా) మీటింగులో చదివాను. చప్పుడు లేదు. మూడో అంతస్తు అంకుల్ కళ్లజోడు తుడుచుకుని, "ఆ ఎర్ర గీత సంగతి రేపటి నుంచే మొదలుపెట్టండి" అన్నారు. ఆయనే ఎర్ర మార్కర్లు డజను కొనుక్కొచ్చి లిఫ్టు దగ్గర దారంతో వేలాడదీశారు. రెండు పోయాయి. పిల్లల పనే అయి ఉంటుంది.

తర్వాత మా బండి అన్నతో కూర్చుని మాట్లాడాను. ఇన్నాళ్లలో పేరు కూడా అడగలేదు. సిగ్గేసింది. తడి చెత్త ఇక మేమే చూసుకుంటాం, మీకు పొడి చెత్త మాత్రమే ఇస్తాం, నెల డబ్బులు మాత్రం తగ్గించం అన్నాను. ఆయన నమ్మలేదు. "తడి ఇయ్యకుంటే పైసలు ఎందుకిస్తరమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. 42 ఇళ్లవీ నేనే వసూలు చేసి ఒకటో తారీఖున ఒకేసారి ఇస్తున్నాను. ఒకరిద్దరు గొణిగారు. సెక్రటరీ అయ్యాక గొణుగుడు అలవాటైపోయింది.

పార్కింగు వెనక ఆరు డ్రమ్ములు పెట్టాం. మేడమీద ఆంటీ స్వయంగా వచ్చి కర్రతో తిప్పి చూపించారు. ఆకులు మా వీధి ఊడ్చే అమ్మ తెచ్చిస్తోంది, కాల్చే బాధ తప్పిందని ఆమెకూ సంతోషమే. రెండో వారం ఘోరం జరిగింది. ఎవరో పుట్టినరోజు బిర్యానీ మిగిలితే హండీ మొత్తం ఒకే డ్రమ్ములో ఒంపేశారు. మర్నాడు పార్కింగులో నిలబడలేకపోయాం. నేను, వాచ్‌మన్ ముక్కుకు చున్నీ కట్టుకుని ఆకులు నాలుగు సంచులు కలిపాం. దమ్మాయిగూడ తమ్ముడూ, ఆ రెండు రోజులు మీరే గుర్తొచ్చారు. మాకు రెండు రోజులు.

---

బండి_కొడుకు | మార్చి 16, రాత్రి 11:30

అక్కా, మా నాయినకు చదివి వినిపిచ్చిన. ఏమనలే. జరసేపటికి "ఏ అపార్ట్‌మెంట్?" అన్నడు. మా లైన్ కాదని చెప్పిన. "అయితే ఆ బండోని నసీబు" అన్నడు.

అమ్మ ఒక మాట చెప్పుమన్నది. అట్టపెట్టెలు విప్పి చదును చేసి ఇయ్యుండ్రి. అట్లనే ఇస్తే రెండు పెట్టెలకే సంచి నిండుతది.

---

లష్కర్_పోరడు | మార్చి 17, ఉదయం 7:45

మా అమ్మ ఆకుపచ్చ బుట్టల నుంచి బియ్యం తీసింది. పదేండ్లకు. అడుగున పురుగు పట్టి ఉండె. "నీ ఫోన్ల ముచ్చట్ల వల్ల" అని నన్నే తిట్టింది.

---

సుధ_మల్కాజిగిరి | మే 25, రాత్రి 8:10

మొదటి డ్రమ్ము ఖాళీ చేశాం. రెండు బస్తాల దాకా ఎరువొచ్చింది. మేడమీద ఆంటీ చెప్పినట్టు నిజంగానే వానమట్టి వాసన. తలా రెండు కిలోలు పంచాం, అడగనివాళ్లు కూడా వరసలో నిలబడ్డారు. 42లో 38 ఇళ్లు ఇప్పుడు సరిగ్గా వేరు చేస్తున్నాయి. మిగతా నాలుగూ అద్దె ఇళ్లు, ఓనర్లు అమెరికాలో ఉన్నారు, నెలకోసారి ఫోన్ చేసి నచ్చజెప్తున్నాను.

ఇప్పుడు కొత్త సమస్య. మామిడిపళ్ల కాలం కదా, టెంకలు మాత్రం కుళ్లడం లేదు. నాలుగో డ్రమ్ములో ఏకంగా మూడు మొలకలొచ్చాయి, ఎర్రటి లేతాకులతో జానెడు ఎత్తు. అంకుల్ వాటిని పీకనివ్వడం లేదు. "ఒకటి బంగినపల్లి అయి ఉంటుంది, మా ఇంట్లోదే" అంటున్నారు. డ్రమ్ము తిప్పాలంటే వాటిని తీయాలి. ఏం చేయమంటారు ఆంటీ?

---

మేడమీద_తోట | మే 25, రాత్రి 8:32

టెంకలు ఇక మీద విడిగా ఎండబెట్టి, సుత్తితో చితక్కొట్టి వెయ్యి. ఆ మూడింటినీ మట్టితో సహా లోతుగా తీసి సంచుల్లో పెట్టు. బంగినపల్లి టెంక వేస్తే బంగినపల్లి రాదని మీ అంకుల్‌కి ఇప్పుడే చెప్పకు.